రొమ్ములో గడ్డ చూపించుకోవడానికి వెళ్లిన క్లినిక్: నా రివ్యూ

గోళీకాయంత గడ్డ, వేలితో నొక్కితే పక్కకి జారిపోయేది. నెలసరి అయ్యాక కూడా తగ్గకపోయేసరికి వెళ్లాను. డాక్టరమ్మ రెండు వైపులా, చంకల దాకా తడిమి చూశారు. నాకింకా 30 దాటలేదు కాబట్టి మామోగ్రామ్ (రొమ్ముకి తీసే ఎక్స్‌రే) కాకుండా ముందు అల్ట్రాసౌండ్ రాశారు. తర్వాత సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫైబ్రోఅడినోమా అని తేలింది, క్యాన్సర్ కాదు.

నాకు బాగా నచ్చింది, "నొప్పి లేదుగా, పర్లేదు" అని పంపేయకపోవడం. క్యాన్సర్ గడ్డలు చాలావరకు నొప్పే పెట్టవట! చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి లాక్కుపోయినా, రక్తం కారినా, చంకలో గడ్డ తగిలినా వెంటనే రమ్మన్నారు.

బట్టలు మార్చుకునే చోట కర్టెన్ మాత్రం మరీ పల్చన. రిపోర్టు కోసం ఫోన్ చేస్తే ఎత్తే దిక్కు లేదు, ఒక స్టార్ అందుకే కోశాను.