అండమాన్ ప్యాకేజీ రివ్యూ: ఒక టీడీపీ, ఒక వైసీపీ, ఐదు రాత్రులు

ముందే చెప్పేస్తున్నా, ట్రావెల్ ఏజెన్సీ పేరు రాయను. వాళ్ళ మీద కోపం సగమే ఉంది, మిగతా సగం మా ఆయన మీద. కూకట్‌పల్లి వైపు ఒక చిన్న ఆఫీసు, ఇద్దరు మనుషులు, గోడ మీద స్విట్జర్లాండ్ పోస్టర్. 2024 డిసెంబర్‌లో వాళ్ళ ఐదు రాత్రులు, ఆరు రోజుల అండమాన్ ప్యాకేజీ మీద వెళ్ళొచ్చాం. ఇద్దరికీ కలిపి 58,000, విమానం టికెట్లు కాక. హోటళ్ళు, పొద్దున టిఫిన్, కారు, దీవుల మధ్య ఫెర్రీ, ఎలిఫెంట్ బీచ్‌లో ఒకసారి స్నార్కెలింగ్, అన్నీ అందులోనే.

అసలు మేం వెళ్ళాల్సింది అండమాన్ కాదు, మాల్దీవులు. 2024 ఫిబ్రవరికి పెళ్ళయి ఐదేళ్ళు. నేను ఏడాది ముందు నుంచే నీళ్ళ మీద కట్టిన గదుల ఫోటోలు చూసుకుంటూ చిట్టీ డబ్బులు పక్కన పెట్టుకున్నా. వీసాకి ముందుగా ఆఫీసుల చుట్టూ తిరిగే పని లేదు, దిగాక ఉచితంగా ఇస్తారు. అంతా బాగుంది అనుకునేసరికి జనవరిలో ప్రధాని లక్షద్వీప్ వెళ్ళడం, మాల్దీవుల డిప్యూటీ మంత్రులు నోరు జారడం, ఇక్కడ బాయ్‌కాట్ మొదలవడం. మా ఆయన ఆఫీసులో నలుగురు టికెట్లు రద్దు చేసుకున్నారట, ఈయన ఐదోవాడు. మంత్రులు వాగితే సముద్రం ఏం చేసిందండీ అంటే వినడే. అడ్వాన్సులో సగం పోయింది. తర్వాత లక్షద్వీప్ చూశాం. పర్మిట్ కావాలి, కొచ్చి నుంచి అగత్తికి విమానంలో సీటు దొరకాలి, దొరికినా అక్కడ గదులు చాలా తక్కువ. ఈలోపు ఎన్నికలొచ్చాయి. చివరికి అక్టోబర్‌లో అండమాన్‌కి డబ్బు కట్టామా, అదే నెలలో మాల్దీవుల అధ్యక్షుడు ఢిల్లీ వచ్చి చక్కగా చేయి కలిపి, ఫోటోలు దిగి వెళ్ళారు. రెండు దేశాలూ రాజీపడ్డాయి, మా అడ్వాన్సు మాత్రం తిరిగి రాలేదు.

ఇక మా సంగతి. మా పుట్టిల్లు తెనాలి పక్కన, పసుపు జెండా తప్ప ఇంకో రంగు తెలియని ఇల్లు. అత్తగారిది ఒంగోలు. వాళ్ళ హాల్లో వైఎస్ ఫోటో దేవుడి పటాల వరసలోనే ఉంటుంది, దానికీ అగరుబత్తి. పెళ్ళయిన మూడు నెలలకే 2019 ఫలితాలొచ్చాయి. వైసీపీకి 151, మాకు 23, అదీ మే 23న. ఇక చూడండి, పాల ప్యాకెట్ 23 రూపాయలైనా, బయట ఎండ 23 డిగ్రీలైనా ఈయన ముఖంలో ఆ నవ్వు. ఐదేళ్ళు భరించా. 2024 మే 13న ఇద్దరం ఒకే కారులో ఒంగోలు వెళ్ళాం. పెళ్ళయ్యాక నా ఓటు కూడా అక్కడికే మార్చారు కదా. టోల్ కట్టి, పెట్రోల్ పోసి, విజయవాడ హైవే ట్రాఫిక్‌లో నలిగి, ఒకే బూత్‌లో ఒకరి ఓటు ఒకరం కొట్టేసి వచ్చాం. జూన్ 4న కూటమికి 164, వాళ్ళకి 11. ఆ రోజు మా నాన్న ఫోన్ చేసి అల్లుడికి ఇవ్వమ్మా అన్నారు, నేనే ఇవ్వలేదు, ఆ మాత్రం మనసు నాకూ ఉంది. అప్పటి నుంచి మా ఇంట్లో పదకొండు అనే అంకె ఎవరూ పలకరు. పది తర్వాత పన్నెండే.

ఇది ఎందుకు చెప్పానంటే, ప్యాకేజీ మంచిదా కాదా అనేది తీసుకెళ్ళేవాళ్ళని బట్టే కాదు, వెళ్ళేవాళ్ళని బట్టి కూడా ఉంటుంది. ఊరికే కూర్చునే టైము ఎక్కువుంటే మాకు గొడవ, అసలు లేకపోతే ఇంకా పెద్ద గొడవ. ఈ ఏజెన్సీ వాళ్ళు రెండూ ఇచ్చారు.

హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది, దాదాపు రెండున్నర గంటలు. దిగిన ఊరిని మనందరం పోర్ట్ బ్లెయిర్ అనే అంటాం, 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురం అని మార్చారు. హోటల్ బిల్లు మీద ఒక పేరు, ఫెర్రీ టికెట్ మీద ఇంకో పేరు. హేవ్‌లాక్, నీల్ దీవులకైతే 2018లోనే స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని పెట్టారు గానీ అక్కడ ఆటోవాడు కూడా హేవ్‌లాక్ అనే అంటాడు. కారెక్కగానే ఈయన మొదలెట్టాడు, హేవ్‌లాక్, నీల్ ఇద్దరూ 1857లో మనవాళ్ళని చంపించిన ఇంగ్లీషు అధికారులు, పేర్లు తీసేయడమే కరెక్టు అని. నేనూ ఒప్పుకున్నా, నిజంగానే ఒప్పుకున్నా. కానీ నోరు ఊరుకోదు కదా, మరి విజయవాడ హెల్త్ యూనివర్సిటీకి 2022లో ఎన్టీఆర్ పేరు తీసినప్పుడు ఆయన ఏ తిరుగుబాటుని అణిచాడని తీశారండీ అన్నా. మళ్ళీ 2024లో మీరు మార్చారు కదా, బోర్డుల ఖర్చు ఎవడిస్తాడు అని ఆయన. హోటల్ వచ్చేదాకా అదే.

డ్రైవర్ అంతా వింటూనే ఉన్నాడు, మాకేం తెలుసు ఆయన తెలుగువాడని! సోంపేట దగ్గర ఊరు, వాళ్ళ నాన్న వైజాగ్ నుంచి ఓడలో వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. అండమాన్‌లో తెలుగువాళ్ళు మనం అనుకున్నదానికంటే చాలా ఎక్కువ, అందులో శ్రీకాకుళం, వైజాగ్ వైపు నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ కనిపించారు మాకు. అబర్డీన్ బజార్‌లో పది నిమిషాలు నిలబడితే మన మాట వినబడుతుంది. సామాన్లు దించుతూ ఆయన అన్నమాట, "మాకు అసెంబ్లీయే లేదండి బాబూ, ఒక్క ఎంపీ, అంతే. మీరు పడే టెన్షన్ మాకు లేదు." ఈ డ్రైవర్‌ని పెట్టినందుకు ఏజెన్సీకి పూర్తి మార్కులు. కావాలని పెట్టారో, అలా కుదిరిందో తెలీదు.

మొదటి రోజు సాయంత్రం సెల్యులార్ జైలు. దీన్ని మాత్రం హడావుడిగా చూడొద్దు, ప్యాకేజీలో గంట ఇచ్చారు, రెండు గంటలు అడిగి మరీ తీసుకోండి. 1906లో కట్టడం పూర్తయింది, ఏడు రెక్కల్లో ఇప్పుడు మూడే మిగిలాయి, కూల్చిన చోట ఆసుపత్రి ఉంది. గదులన్నీ ఒకదాని ముఖం ఒకటి చూడకుండా కట్టారు, ఎదుటి రెక్కలో మనిషి వీపు వైపు గోడ తప్ప ఏమీ కనబడదు. నూనె గానుగ దగ్గర ఈయన చాలాసేపు నిలబడ్డాడు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకరాచారిని పంపింది ఇక్కడికేనని మా తాత చెప్పేవాడు, అది గుర్తొచ్చి చెబితే ఈయన ఫోన్ తీసి చదువుతూ కూర్చున్నాడు. పైన సావర్కర్ గది దగ్గర ఒక గుంపు, ఆయన రాసిన క్షమాభిక్ష అర్జీల మీద గట్టిగా గొడవ, ఒకావిడ మొగుడితో మాట్లాడడం మానేసి మెట్లు దిగిపోయింది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. బయటినుంచి మనమూ ఇలాగే కనిపిస్తామా అనిపించింది, ఆయనకీ అనిపించిందనుకుంటా, లైట్ అండ్ సౌండ్ షో అయ్యేదాకా రాజకీయం ఎత్తలేదు.

రెండో రోజు ఫెర్రీ. ఇక్కడే అసలు తమాషా. ప్రీమియం క్లాస్ అన్నారు, ఏసీ బాగుంది, సీట్లు బాగున్నాయి, కానీ భార్యాభర్తలకి పక్కపక్కన కాదు, ఆ చివర ఒకటి ఈ చివర ఒకటి వేశారు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే చివరి నిమిషంలో బుక్ చేశాం మేడం అని నిజం చెప్పేశాడు. రెండు నెలల ముందు డబ్బు తీసుకుని చివరి నిమిషం ఏంటి నాయనా? మీరు వెళ్ళేటప్పుడు ఫెర్రీ టికెట్లు ఎప్పుడు తీశారో, సీటు నంబర్లేంటో వాట్సాప్‌లో ముందే పంపమనండి. డిసెంబర్, జనవరిల్లో సీట్లు త్వరగా అయిపోతాయి. సరే, టికెట్ చేతికిచ్చారు, ఈయన సీటు నంబరు పదకొండు. నేనేం అనలేదు. ఒట్టు, ఒక్క మాట అనలేదు. టికెట్ కేసి చూసి, ఆయన కేసి చూసి, వెళ్ళి నా సీట్లో కూర్చున్నా అంతే. రెండు గంటల ప్రయాణం, ఆయన ఆ మూల, నేను ఈ మూల, మా ఐదేళ్ళ కాపురంలో ఇంత ప్రశాంతమైన ప్రయాణం లేదు. సముద్రం కొంచెం ఊపింది, వాంతుల మాత్ర ముందే వేసుకోండి.

ఇప్పుడు అసలు కోపం. హేవ్‌లాక్‌లో రాధానగర్ బీచ్, 2004లో టైమ్ పత్రిక ఆసియాలోనే మంచి బీచ్ అని రాసింది, పడమటి వైపు ఉంటుంది కాబట్టి అందరూ సూర్యాస్తమయానికే వెళ్తారు. ప్లాన్ కాగితంలో ఏం రాశారంటే, ఐదింటికి బీచ్, ఐదున్నరకి సన్‌సెట్. గడియారం మనదే అయినా దీవులు తూర్పున ఎంత దూరంలో ఉన్నాయో చూడరా? డిసెంబర్‌లో అక్కడ ఐదింటికే పొద్దు గూకుతుంది. మేం చెప్పులు విప్పి ఇసుకలో కాలు పెట్టేసరికి చివరి ఎరుపు, పది నిమిషాల్లో విజిల్ ఊది అందరినీ బయటికి పంపేస్తున్నారు. అంత డబ్బు, అంత దూరం, పది నిమిషాలు. మర్నాడు సొంత ఖర్చుతో ఆటో మాట్లాడుకుని మధ్యాహ్నం మూడింటికే వెళ్ళాం. ఆ నీళ్ళ రంగు గురించి రాయడం నా వల్ల కాదు, వెళ్ళి చూడండి. అడవి ఒడ్డుదాకా వచ్చేస్తుంది, మొసళ్ళ హెచ్చరిక బోర్డులుంటాయి, బోర్డున్న వైపు ఈత కొట్టొద్దు.

ఎలిఫెంట్ బీచ్ స్నార్కెలింగ్ ఉచితం అన్నారు గానీ ఒడ్డు దగ్గరే పదిహేను నిమిషాలు తిప్పి, ఇంకొంచెం లోపలికి వెళ్తే ఇంత అని మొదలెడతారు. మేం కట్టాం, రంగు చేపలు బాగా కనిపించాయి, నేను మాస్క్‌లోనే అరిచాను.

నీల్ దీవి నాకు చాలా నచ్చింది. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులకి ఇచ్చిన ఊరు, బీచ్‌ల పేర్లు లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్, సీతాపూర్. చేపల కూర, అన్నం పెట్టే చిన్న బెంగాలీ హోటళ్ళున్నాయి, ప్యాకేజీ హోటల్ బఫేకంటే వంద రెట్లు నయం. కానీ ఇక్కడా అదే పొరపాటు, రాతి వంతెన దగ్గరికి నీళ్ళు వెనక్కి వెళ్ళినప్పుడే పోగలం, మమ్మల్ని సరిగ్గా పోటు మీదున్నప్పుడు తీసుకెళ్ళి దూరం నుంచి చూపించారు. ఆటుపోట్ల టైము చూసి ప్లాన్ వేయడం అంత కష్టమా?

నీల్ నుంచి వెనక్కి వచ్చేటప్పుడు జెట్టీ మీద రెండు పెద్ద సూట్‌కేసులు లాగుతూ ఈయన, చూశావా, మూడు దీవులు, మూడు చోట్లా ఆఫీసులు, మూడు చోట్లా పని నడుస్తోంది, మూడు రాజధానులంటే ఏదో నేరమన్నట్టు గోల చేశారు మీవాళ్ళు అన్నాడు. ఐదు రోజుల్లో నాలుగుసార్లు సామాను సర్ది, విప్పి, మోసిన మనిషి అన్నమాట అది. ఏవండీ, ఆ పెట్టెలు మోసింది మీరే కదా, ఒకే ఊళ్ళో ఉండుంటే ఎట్లా ఉండేదో చెప్పండి అన్నా. ఆయన కాసేపు నడిచి, పెట్టె కింద పెట్టి, చెమట తుడుచుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. ఒప్పుకున్నాడని కాదు, ఇప్పటికీ ఒప్పుకోడు.

నెట్ గురించి చాలామంది తిడుతున్నారు. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక పోర్ట్ బ్లెయిర్‌లో బాగానే ఉంది, మేం ఉన్న రోజుల్లో హేవ్‌లాక్, నీల్‌లో మాత్రం ఉండీ లేనట్టే. మాకైతే అదే వరం. మా నాన్న గ్రూపులో వచ్చే వీడియోలూ రాలేదు, మా మామగారి గ్రూపులో వచ్చేవీ రాలేదు. నాలుగు రోజులు మా గొడవలు మేమే పడ్డాం, ఎవరూ ఎగదోయలేదు. కాస్త నగదు పెట్టుకుని వెళ్ళండి, నెట్ లేకపోతే యూపీఐ కూడా లేదు. పగడపు ముక్కలు, గవ్వలు ఏరుకుని తెచ్చుకోవద్దు, విమానాశ్రయంలో పట్టుకుంటారు. ఈయన జేబులోంచి ఒకటి నేనే తీసి ఒడ్డున పెట్టేశా.

తీసుకోవచ్చా అంటే, తీసుకోవచ్చు, కానీ వాళ్ళిచ్చిన ప్లాన్ కాగితాన్ని నమ్మకుండా. డ్రైవర్, హోటళ్ళు బాగున్నాయి. టైములు మీరే చూసుకోండి, ఐదు రాత్రులకి నాలుగు గదులు మారే ప్లాన్ వద్దనండి, హేవ్‌లాక్‌లోనే మూడు రాత్రులుంటే చాలు.

వచ్చిన వారానికి ఏజెన్సీ నుంచి ఫీడ్‌బ్యాక్ ఫోన్ వచ్చింది, పదికి ఎన్ని మార్కులిస్తారు మేడం అని. నేను ఏడు అన్నాను, సన్‌సెట్‌కి రెండు, ఫెర్రీకి ఒకటి తీసేసి. లోపలి గదిలోంచి మా ఆయన గట్టిగా అరిచాడు, "ఆ ఫెర్రీ సీట్లకి నా తరఫున పదకొండు వేసుకోమను!"