అనాథ పాప పేరు మీద డిపాజిట్ అన్నారు, లక్షన్నర కట్టాను. మీరు కట్టే ముందు ఇది చదవండి

డిసెంబరు దగ్గర పడితే మన కడప చుట్టుపక్కల చర్చి సంఘాల్లో ఒక రంగుల కార్డు చేతులు మారుతుంది. వరసగా పిల్లల ఫోటోలు, కింద అనాథలను ఆదుకోమనే బైబిల్ వాక్యం, యాకోబు పత్రిక 1:27, వెనకవైపు బ్యాంకు ఖాతా నంబరు. ఒక బిడ్డ బాధ్యత తీసుకోండి, డిగ్రీ దాకా చదివించండి అని రాసుంటుంది. ఆ కార్డు చూసే 2022 డిసెంబరులో నేను లక్షా యాభై వేలు ఇచ్చాను. ఆ పిల్లల హోమ్ పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదు విచారణలో ఉంది. పాప పేరు అసలే రాయను.

మా అమ్మ పోయిన ఏడు అది. ఆమె పేరు మీద ఏదైనా చేయాలని మనసులో ఉండింది. నేను పుట్టిందే జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రిలో. మిషన్ అంటే మా ఇంట్లో చేతులెత్తి మొక్కేవాళ్లం, అందుకే అనుమానమన్న మాటే రాలేదు. హోమ్ నడిపే అయ్యగారు ఇంటికొచ్చి ప్రార్థన చేసి, నెలనెలా పంపే శ్రమ ఎందుకు, ఒకేసారి ఇచ్చేయండి అన్నారు. "బిడ్డ పేరు మీద ఫిక్స్‌డ్ వేస్తాం సిస్టర్. వడ్డీతో తిండీ చదువూ జరిగిపోతాయి. పద్దెనిమిది నిండాక అసలు పాప చేతికే."

నేను ముప్పై రెండేళ్లు పోస్టాఫీసు కౌంటర్లో కూర్చున్న మనిషిని. వడ్డీ లెక్క నాకొకరు చెప్పాలా? ఏడు శాతం వేసుకున్నా లక్షన్నరకు ఏడాదికి 10,500. నెలకు 875 రూపాయలు. ఎదిగే పిల్లకు మూడు పూటలా తిండి, బట్టలు, పుస్తకాలు, జ్వరమొస్తే మందులు, అన్నీ 875లో. నెలకు నాలుగు వేలు వడ్డీ రావాలంటే దాదాపు ఏడు లక్షలు వేయాలి, అది కూడా ధరలు ఇట్లాగే నిలబడితే. ఊళ్లో ఎవరి బాండుకైనా నిమిషంలో చెప్పే లెక్క ఇది. అమ్మ ఫోటో ముందు కూర్చుని ప్రార్థన చేస్తుంటే గుర్తు రాలేదు.

లక్ష బ్యాంకు ద్వారా పంపాను. గోడ పని ఆగిపోయిందంటే యాభై వేలు నగదుగా చేతికిచ్చాను. రెండు వేలు దాటిన నగదు విరాళానికి అప్పటి ఆదాయ పన్ను చట్టం 80జీ సెక్షన్ కింద మినహాయింపు లేదు, అది తెలిసే ఇచ్చాను. పోనీ బ్యాంకులో వేసిన లక్షకైనా ఆదాయ పన్ను పోర్టల్ నుంచి వచ్చే 10బీఈ అనే విరాళం సర్టిఫికెట్ పంపారా అంటే లేదు. చేత్తో రాసిన రసీదు ఒకటి ఇచ్చారు. దాని మీద పాన్ నంబరు లేదు, సొసైటీ రిజిస్ట్రేషన్ నంబరూ లేదు.

రెండు నెలలు అడిగితే డిపాజిట్ బాండు జిరాక్స్ పంపారు. మొత్తం, తేదీ, బ్యాంకు ముద్ర అన్నీ కనబడుతున్నాయి. డిపాజిట్‌దారు పేరు ఉండాల్సిన చోట మాత్రం అడ్డంగా ఒక నల్ల గీత. కాగితాన్ని అక్కడ మడిచి జిరాక్స్ తీశారన్నమాట. ఆ గీతను కూడా నేను మెషిన్ తప్పే అనుకున్నాను.

మూడు నెలలకోసారి పాప దగ్గర్నుంచి ఉత్తరం వచ్చేది. "ప్రియమైన ఆంటీ గారికి, దేవుని కృప వలన నేను క్షేమము, మీరును క్షేమమని తలంచుచున్నాను." రెండో తరగతి పిల్ల తలంచుచున్నదట! ప్రొద్దుటూరులో నా పాత కొలీగ్ ఒకామె అదే హోమ్‌లో వేరే బిడ్డకు కడుతోంది. ఒకరోజు తనకొచ్చిన ఉత్తరం పక్కన నాది పెట్టి చూశాం. అవే వాక్యాలు, అదే చేతిరాత, రెండింటిలోనూ 'పరీక్షలు' అన్న మాటకు దీర్ఘం లేదు.

అప్పుడు చెప్పాపెట్టకుండా వెళ్లాను, పోయిన దసరా సెలవులు ఇచ్చే ముందు రోజు. మామూలుగా ముందు ఫోన్ చేసి ఆదివారం వెళితే యాభై మంది పిల్లలు వరసగా నిలబడి పాట పాడతారు. ఆ రోజు లోపల తొమ్మిది మందే ఉన్నారు. వేపచెట్టు కింద ఒక ముసలామె సంచి పెట్టుకుని కూర్చునుంది. నన్ను చూసి, "మీరూ ఫీజు కట్టేదానికొచ్చినారామ్మా?" అని అడిగింది.

ఎవరి కోసం వచ్చావు జేజీ అంటే నేను కడుతున్న పాప పేరే చెప్పింది. "దీనెమ్మ కోయిట్‌లో ఉండాది. ఇండ్లలో పనిచేసి నెలకు రెండు వేలు ఈ అయ్యకు పంపిస్తాది. ఈ నెల ఇంకా పడలేదంట. ఫీజు పడనిదే పిల్లను పంపమంటాండారు."

రాయచోటి వైపు పల్లెల నుంచి కువైట్ పోయిన తల్లుల పిల్లలకు హాస్టల్ నడపడం తప్పని నేననను, ఆ అవసరం ఉంది. కానీ తల్లి దగ్గర ఫీజు తీసుకుంటూ, అదే పిల్లను దిక్కులేనిదని చూపి నా దగ్గర డిపాజిట్ తీసుకున్నారు. అయ్యగారిని అడిగితే, దేవుని పనిలో లెక్కలు అడక్కూడదు సిస్టర్ అన్నారు. కొరింథీ సంఘం చందా విషయంలో తన మీద తప్పు మోపకుండా పౌలే జాగ్రత్తపడ్డాడు, రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయం తీసి చూడండి అని చెప్పి వచ్చేశాను.

తర్వాత కడపలోనే బాలల సంక్షేమ సమితి, అదే సీడబ్ల్యూసీ, దగ్గరికి వెళ్లాను. పాప పేరు వాళ్ల రికార్డులో లేదు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం సంరక్షణ అవసరమైన బిడ్డ దొరికితే 24 గంటల్లో ఈ సమితి ముందు హాజరుపరచాలి, ఏ హోమ్‌లో ఉంచాలో వాళ్లే ఆర్డర్ ఇస్తారు. హోమ్‌కు 41వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఎంతమంది పిల్లలను ఉంచుకోవచ్చో అప్పుడే నమోదు చేస్తారు, అది ఐదేళ్లకే చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే ఏడాది దాకా జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ.

కాబట్టి కార్డు తెచ్చినవాళ్లను ఫోటో, ఉత్తరం అడక్కండి. అవి మనం అడుగుతాం కాబట్టే తయారవుతున్నాయి. 41వ సెక్షన్ సర్టిఫికెట్ చూపించమనండి, తేదీ చూడండి, ఆ నంబరు సీడబ్ల్యూసీ ఆఫీసులో కనుక్కోండి. పిల్లల ఆర్డర్లు మనకు చూపించరు, చూపించకూడదు కూడా. ఇంకొకటి, పద్దెనిమిది నిండాక పిల్ల ఎక్కడ ఉంటుందో అడగండి. చట్టంలో 21 ఏళ్ల దాకా సాయం చేసే వీలుంది. నిజంగా పిల్లలను పెంచే చోట ఆ మాటకు జవాబు సిద్ధంగా ఉంటుంది. డిపాజిట్ మాట ఎత్తితే మాత్రం అక్కడే లేచి వచ్చేయండి. నెలనెలా ఇచ్చేదైతే నచ్చని రోజు ఆపేయొచ్చు.

అనంతపురం వాళ్లకు ఇది కొత్త కాదు. 1969లో మొదలైన ఆర్డీటీ, అంటే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే సేవాసంస్థ, స్పెయిన్ దాతల సాయంతో పనిచేస్తూ వచ్చింది, అక్కడ స్పాన్సర్ ఉన్న పిల్లలు తమ ఊళ్లో అమ్మానాన్నల దగ్గరే ఉండి చదువుకుంటారు. ప్రభుత్వ మిషన్ వాత్సల్యలోనూ ఇంటి దగ్గరే ఉండే అర్హులైన పిల్లలకు నెలకు 4,000 స్పాన్సర్‌షిప్ ఉంది. జేజి ఎప్పుడూ ఆ పేరు వినలేదు. అంగన్‌వాడీ టీచర్‌తో దరఖాస్తు పెట్టించాం, ఇంకా మంజూరు కాలేదు.

నా డబ్బులో ఇప్పటికి ఇరవై వేలు వెనక్కి వచ్చాయి. పాపను జేజి ఊరికి తీసుకుపోయింది, అక్కడి బడిలోనే ఐదో తరగతి చదువుతోంది. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘంలో ఒకామె ఈ ఏటి కార్డు నా చేతిలో పెట్టింది. కొత్త ఖాతా నంబరు, కొత్త ఫోన్ నంబరు. పై వరసలో ఎడమ నుంచి మూడో ఫోటో, తెల్ల గౌను వేసుకున్న పిల్ల, ఆ పాపే.