బిల్లసర్గం, జ్వాలాపురం యాత్ర: అయిదుకు నాలుగు నక్షత్రాలు

నంద్యాల నుంచి ఆదివారాల్లో నడిపే ఈ యాత్రకు మా పదో తరగతి పిల్లలను తీసుకువెళ్లాను. జీవశాస్త్రం చెప్పే టీచరుగా నేను కోరుకున్నది ఒక్కటే. పరిణామమంటే పరీక్షలో రాసి మరచిపోయే జవాబు కాదని, మన కాళ్ల కింది నేలలోనే దాని ఆనవాళ్లున్నాయని పిల్లలకు తెలియాలి. ఆ పని చాలావరకు జరిగింది.

మొదట జ్వాలాపురం గ్రామం. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద ఇంత దూరం వచ్చి రాలి, వాననీటికి కొట్టుకొచ్చి జుర్రేరు లోయలో పేరుకుంది. శుభ్రం చేసే పొడుల కోసం దీన్ని తవ్వి అమ్మడంతో గుంటల గోడల్లో తెల్లటి పొర స్పష్టంగా కనిపిస్తుంది. గైడు ఒక అమ్మాయిని పిలిచి, ఒక చెయ్యి పొర కింద, మరొకటి పొర పైన పెట్టమన్నారు. రెండు చోట్లా రాతి పనిముట్లు దొరికాయని, వాటి తీరు పెద్దగా మారలేదని 2007లో పరిశోధకులు ప్రకటించారు.

“అయితే ఆ పనిముట్లు చేసినవాళ్లు పేలుడుకు చనిపోలేదా సార్?” అని అడిగింది ఆ అమ్మాయి. “బతికారనే ఆ పరిశోధకుల వాదనమ్మా. కానీ ఆ పొరల్లో మనిషి ఎముకలు దొరకలేదు. ఆ రాళ్లు చెక్కింది మనలాంటివాళ్లేనా, వేరే మానవజాతా అన్నది ఇంకా తేలలేదు” అన్నారాయన. తేలనిదాన్ని తేలలేదని చెప్పే గైడు దొరకడం ఎంత అదృష్టమో పాఠం చెప్పేవాళ్లకు తెలుస్తుంది. నా నాలుగు నక్షత్రాల్లో రెండు ఈ జవాబుకే.

బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలు ఇంకా బాగున్నాయి. డార్విన్ పక్షాన గట్టిగా నిలబడిన జీవశాస్త్రవేత్త హక్స్‌లీ ప్రోద్బలంతోనే 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టారు. ఖడ్గమృగం ఎముకలు సైతం దొరికాయి. ఈ కాలపు పరిశోధకులు మళ్లీ తవ్వి గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 రకాలు కనీసం లక్ష ఏళ్లుగా ఉపఖండంలో కొనసాగుతూనే ఉన్నాయి. కనుమరుగైనది ఒక్కటే, ఇథియోపియా గెలాడా కోతికి దగ్గరి బంధువు. అమెరికా, ఆస్ట్రేలియాల్లో పెద్ద జంతువులు ఎన్నో అంతరించిపోయిన కాలాన్ని ఇక్కడివి దాటి వచ్చాయి. లక్ష ఏళ్లు నిలిచినవి మన కాలంలో పోతే ఆ తప్పు ఎవరిదని గైడు అడిగినప్పుడు పిల్లలెవరూ మాట్లాడలేదు. అడగవలసిన ప్రశ్నే అది.

ఇక లోపాలు. చేతికిచ్చే కరపత్రంలో కోతి వంగి వంగి లేచి మనిషైనట్టు వరుస బొమ్మ ఉంది. ఇది తప్పు. ఇప్పటి కోతి మనకు తాత కాదు, దాయాది. ఇద్దరి పూర్వీకులు ఎక్కడో ఒక్కరు. గైడు నోటితో సరిగ్గా చెప్పిన విషయాన్ని కరపత్రం చెడగొడుతోంది. పిల్లలకు బొమ్మే గుర్తుంటుంది కనుక నిర్వాహకులు వచ్చే ముద్రణలోనైనా దీన్ని మార్చాలి, కొమ్మలు చీలిన చెట్టు బొమ్మ వేయాలి.

రెండోది, సాయంత్రం బెలుం గుహలను కూడా ఇరికించడం. అవి అద్భుతమే, కానీ వాటికి వేరే రోజు కావాలి. ఆ సమయం బిల్లసర్గంలో గడిపితే, పిల్లలు గుహ గోడల్లోని మట్టి పొరలను తీరిగ్గా చూసి నోటు పుస్తకాల్లో గీసుకునేవారు. మరుగుదొడ్లు దారిలో బేతంచెర్లలోనే. ఆడపిల్లలతో వెళ్లే టీచర్లు ముందే చూసుకోవాలి.

భోజనం మామూలు. బస్సు బాగుంది.

ఎనిమిదో తరగతి దాటిన పిల్లలకైతే నిస్సంకోచంగా చెబుతాను, వెళ్లండి. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు మంచిది. తరువాత ఎండ కాస్తే సున్నపురాయి కొండ మీద నిలబడలేరు. చెప్పుల బదులు బూట్లు వేయించండి. గుహల్లో దొరికిన రాయి ఏదైనా అక్కడే వదిలేయమని ఇంటి దగ్గరే గట్టిగా చెప్పి పంపండి.