ప్రమోషన్ ఆగింది, రికార్డులో తప్పుంది: యూనిట్ లెటరా, సెక్షన్ 26 కంప్లెయింటా, ట్రిబ్యునలా?

నెలకు ఇద్దరు ముగ్గురు ఫోన్ చేస్తారు, ప్రశ్న మాత్రం ఒకటే. "అన్నా, నా వెనక వచ్చినవాడికి నాయబ్ సుబేదార్ వచ్చింది, నాకు రాలేదు. రికార్డ్స్‌లో ఏదో తప్పు పడిందంటున్నారు. యూనిట్ నుంచి లెటర్ పెట్టించనా, స్టాట్యూటరీ కంప్లెయింట్ వేయనా, ఇవన్నీ ఎందుకని నేరుగా ట్రిబ్యునల్‌కి పోనా?" సర్వీసంతా క్లర్కుగా ఇలాంటి ఫైళ్ళ మధ్యే గడిపి సుబేదార్‌గా ఇంటికి వచ్చాను కాబట్టి నన్ను అడుగుతారు. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పేకన్నా ఒకసారి రాసిపెడితే పోతుందనిపించింది.

ఇది ఆర్మీలో జవాన్లు, ఎన్‌సీఓలు (నాయక్, హవల్దార్లు), జేసీఓల (నాయబ్ సుబేదార్, ఆపైవాళ్ళ) కోసం. వీళ్ళ స్టాట్యూటరీ కంప్లెయింట్ అంటే ఆర్మీ చట్టం సెక్షన్ 26 కింద ఇచ్చే ఫిర్యాదు. ఆఫీసర్లది సెక్షన్ 27, వాళ్ళ ఫైలు నేరుగా కేంద్ర ప్రభుత్వం దాకా పోతుంది, ఆ దారి వేరు. నేవీ, ఎయిర్‌ఫోర్స్ వాళ్ళకు వాళ్ళ చట్టాలున్నాయి, ట్రిబ్యునల్ (సైనికుల సర్వీసు కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్) మాత్రం అందరికీ అదే. పార్ట్ టూ ఆర్డర్ అంటే మన సర్వీసులో మార్పులను రికార్డుకెక్కించే యూనిట్ ఆర్డర్, ఏసీఆర్ అంటే ఏటా పనితీరు మీద రాసే రిపోర్టు, డీపీసీ అంటే ప్రమోషన్ ఎవరికో తేల్చే కమిటీ, మీకు తెలిసినవే.

ముందు ఒక సంగతి తేల్చుకోండి. మీ కాగితంలో పడ్డది లెక్క తప్పా, అభిప్రాయం తప్పా? కేడర్ (ప్రమోషన్‌కి ముందు పాసవ్వాల్సిన కోర్సు) పాసైతే పార్ట్ టూ ఆర్డర్ పడలేదు, పుట్టిన తేదీ తేడాగా ఉంది, మెడికల్ కేటగిరీ తిరిగి షేప్ వన్ (పూర్తి ఫిట్) అయినా పాతదే నడుస్తోంది, వేరేవాడి రెడ్ ఇంక్ ఎంట్రీ (శిక్ష నమోదు) మీ షీట్ రోల్ (సర్వీసు రికార్డు) మీదికి ఎక్కింది, ఇవన్నీ లెక్క తప్పులు. కాగితం చూపిస్తే ఎవరూ కాదనలేరు. రెండో రకం కంపెనీ కమాండర్ మీకు వేసిన గ్రేడింగ్. చివరి ఐదు రిపోర్టుల్లో మూడు అబవ్ యావరేజ్ ఉండాలి, మిగతావి హై యావరేజ్‌కి తగ్గకూడదు అనే లెక్క దగ్గర ఒక్క హై యావరేజ్ ఎక్కువై మనిషి ఆగిపోతాడు. అది ఆయన అభిప్రాయం. దాన్ని తప్పని నిరూపించడం వేరే ఆట. (ప్రమోషన్ పాలసీ లెటర్లు మారుతుంటాయి. మీ డీపీసీ నాటికి ఏది అమల్లో ఉందో అదే చూడండి, బ్యాచ్‌మేట్ చెప్పింది కాదు.)

లెక్క తప్పయితే మొదటి అడుగు యూనిట్ లెటరే, అందులో అనుమానం లేదు. అర్జీ రాసి, సర్టిఫికెట్ కాపీ జోడించి, పార్ట్ టూ ఆర్డర్ మళ్ళీ వేయించి రికార్డ్స్‌కి (మన సర్వీసు కాగితాలుండే ఆఫీసుకి) పంపిస్తారు. అన్నీ సరిగ్గా ఉంటే ఇంతకంటే త్వరగా, ఇంతకంటే తక్కువ ఖర్చుతో తేలే దారి లేదు. ఎవరి మీదా ఫిర్యాదు చేసినట్టు ఉండదు కాబట్టి యూనిట్‌లో మొహాలు మాడ్చుకోవడమూ ఉండదు. హెడ్ క్లర్క్ మంచివాడైతే టీ తాగేలోపు డ్రాఫ్ట్ అయిపోతుంది.

కానీ నా కథ కూడా ఇక్కడే తిరగబడింది. హవల్దార్‌గా ఉన్నప్పుడు నా కేడర్ రిజల్ట్ పార్ట్ టూ ఆర్డర్ ఏదో అబ్జర్వేషన్ (అభ్యంతరం) మీద రికార్డ్స్ నుంచి వెనక్కి వచ్చింది, యూనిట్ అప్పుడు ఇంకో చోటికి మూవ్‌లో ఉంది, దాన్ని మళ్ళీ వేసినవాడు లేడు. డీపీసీలో నా పేరు ఎదురుగా "క్వాలిఫై కాలేదు" అని పడింది. క్లర్కుని, నా కాగితమే నేను చూసుకోలేకపోయాను, నవ్వుకోండి. అర్జీ పెట్టాను. అవుతుంది అన్నారు. రెండు నెలలయ్యాక రిమైండర్ పెట్టాను, అవుతోంది అన్నారు. చివరికి తప్పు దిద్దారు, తర్వాతి డీపీసీలో ప్రమోషనూ వచ్చింది, కానీ సీనియారిటీ ఆ రోజు నుంచే, పాత తేదీ నుంచి కాదు. పాత తేదీ అడుగుదామని కదిలేసరికి ఏడాదిన్నర దాటింది. నా చేతిలో ఉన్నవల్లా మూడు రిమైండర్ల కాపీలు. వాటిలో ఒక్కదాని మీద కూడా తీసుకున్నట్టు ముద్ర లేదు.

అందుకే ఈ మూడింట్లో ఏది మేలని అడిగితే నేను బలం కన్నా, ఖర్చు కన్నా, పై అధికారి మూడ్ కన్నా ముందు చూసేది తేదీలు.

ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ చట్టం 2007లో వచ్చింది, ట్రిబ్యునల్ 2009 ఆగస్టులో మొదలైంది. అందులో సెక్షన్ 21, సెక్షన్ 22 అని రెండున్నాయి, ఈ రెండూ బుర్రలో పెట్టుకుంటే చాలు. ఉన్న దారులన్నీ అయ్యాకే మామూలుగా ట్రిబ్యునల్ అర్జీ తీసుకుంటుందని 21 చెబుతుంది. కంప్లెయింట్ మీద ఆఖరి ఆర్డర్ వచ్చిందంటే దారి అయిపోయినట్టే. ఆరు నెలలైనా జవాబు రాకపోతే అప్పుడూ అయిపోయినట్టే. ఇక 22 ఏమంటుందంటే, ఆఖరి ఆర్డర్ వచ్చి ఉంటే దాని తేదీ నుంచి ఆరు నెలల్లో ట్రిబ్యునల్‌కి రావాలి. అది మీ చేతికి అందిన తేదీ కాదు, ఆర్డర్ మీద ఉన్న తేదీ, ఇక్కడ చాలామంది జారిపోతారు. జవాబే రాకపోతే మొదటి ఆరు నెలలు గడిచాక ఇంకో ఆరు నెలలు. అంటే జనవరి 10న కంప్లెయింట్ ఇచ్చి మౌనమే జవాబైతే జులై 10 తర్వాత తలుపు తెరుచుకుంటుంది, మళ్ళీ జనవరి 10తో మూసుకుంటుంది. సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని క్షమించే అధికారం వాళ్ళకుంది, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

ఎందుకు వద్దంటున్నానంటే, తర్సేమ్ సింగ్ కేసని 2008లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటుంది. ఆయన 1983లో మెడికల్ మీద ఆర్మీ నుంచి బయటికొచ్చాడు, డిజెబిలిటీ పెన్షన్ కోసం కోర్టుకు పోయింది 1999లో. పదహారేళ్ళు లేటు. అయినా పెన్షన్ నెలనెలా జరిగే నష్టం కాబట్టి కేసు నిలబడింది, పాత బకాయిలను మాత్రం మూడేళ్ళకు కుదించారు. మనవాళ్ళు ఇంతవరకే చదివి "లేటైనా ఏం కాదన్నా" అంటారు. అదే తీర్పులో ఇంకో మాట ఉంది. సీనియారిటీ, ప్రమోషన్ లాంటివి ఇతరుల మీద కూడా ప్రభావం చూపిస్తాయి, వాటిలో లేటైతే కేసు పాతబడినట్టే. మీకు ఇవ్వాలంటే ఇప్పటికే ఆ ర్యాంక్ వేసుకుని తిరుగుతున్న ఇంకొకడి వరసను కదపాలి కదా. రిమైండర్ మీద రిమైండర్ పెడితే గడువు పెరుగుతుందనుకోవడం కూడా భ్రమే, కోర్టులు ఆ మాట ఎన్నోసార్లు చెప్పాయి.

ఇప్పుడు సెక్షన్ 26 కంప్లెయింట్ ఎందుకు నా మొదటి ఓటో మీకే అర్థమవుతుంది. అది ఆర్మీ చట్టం, 1950 ఇచ్చిన హక్కు, ఎవరూ దయతలచి ఇచ్చేది కాదు. కంపెనీలో ఉన్నవాడు కంపెనీ కమాండర్‌కి ఇస్తాడు, ఫిర్యాదు ఆయన మీదే అయితే ఆయన పై అధికారికి. తీసుకున్న అధికారి వీలైనంత పూర్తిగా విచారణ చేయాలి, తన చేతిలో లేకపోతే పైకి పంపాలి, చట్టంలో ఉన్నది ఇదే. మామూలు లెటర్ పెట్టుకుని ట్రిబ్యునల్‌కి వెళితే ఇది లెక్కలోకి వస్తుందా రాదా అని మొదటి వాయిదాలోనే అవతలి వకీలు పట్టుకుంటాడు, స్టాట్యూటరీ కంప్లెయింట్ అయితే ఆ గొడవే ఉండదు. ఇంకో లాభం కూడా ఉంది, దీనికి పేరా పేరాకీ జవాబు రాయాల్సి వస్తుంది కాబట్టి యూనిట్, రికార్డ్స్ వాళ్ళు తమ కాగితాలు తామే తిరగేస్తారు. లెక్క తప్పులు చాలావరకు అక్కడే బయటపడతాయి.

నష్టాలు లేవని కాదు. సాగుతుంది, విసుగొస్తుంది. "సీఓ సాబ్ మీద కంప్లెయింట్ వేశాడట" అని లంగర్ (వంటశాల) దాకా మాట పోతుంది. ఒక ప్రమాదం నిజంగానే ఉంది: ఆర్మీ చట్టం సెక్షన్ 56 ప్రకారం ఇలాంటి కంప్లెయింట్‌లో అబద్ధమని తెలిసీ ఒకరి వ్యక్తిత్వం మీద మాట రాసినా, ముఖ్యమైన సంగతి కావాలని దాచినా నేరమే, ఐదేళ్ళ దాకా శిక్ష పడొచ్చు. అందుకే "కంపెనీ కమాండర్‌కి నా మీద కక్ష" అని కోపంలో రాసి పంపకండి. "ఫలానా ఏడాది ఏసీఆర్ నా ముందూ వెనకా ఏళ్ళ రిపోర్టులకు పొంతన లేకుండా ఉంది, ఆ ఏడాది నాకు ఒక్క కౌన్సెలింగ్ లెటర్ కూడా ఇవ్వలేదు" అని రాయండి. రెండోదే బలమైనది, పైగా ఇబ్బంది లేనిది.

గ్రేడింగ్ గురించి ఇంకో మాట. చాలామంది దేవ్ దత్ తీర్పు పట్టుకొస్తారు, 2008దే, ఏసీఆర్‌లో ప్రతి ఎంట్రీ ఉద్యోగికి తెలపాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన బోర్డర్ రోడ్స్ ఇంజనీరు కాబట్టి మనకూ పనికొస్తుందనుకుంటారు. సైన్యంలో ఉన్నవాళ్ళకు ఇది వర్తించదని ఆ తీర్పులోనే రాసి ఉంది, మేజర్ బహదూర్ సింగ్ కేసును చూపించి మరీ. వకీలు ఆ తీర్పు చూపించి ఫీజు అడిగితే ఆ పేరా చదవమనండి.

ఇక ట్రిబ్యునల్. మన రెండు రాష్ట్రాలవాళ్ళకు చెన్నై బెంచ్. సర్వీసులో ఉన్నవాడు పోస్టింగ్ ఉన్నచోట కూడా వేసుకోవచ్చు, రిటైరైనవాడికి ఉన్న ఊరు లెక్క. ప్రమోషన్, సీనియారిటీ రెండూ దాని పరిధిలోనివే (పోస్టింగ్, సెలవు కావు, అవి అడగొద్దు). దీని అసలు బలం, మీకు చూపించని ఏసీఆర్ ఫోల్డర్‌ను, డీపీసీ ప్రొసీడింగ్స్‌ను అది తెప్పించుకుని చూడగలదు. అభిప్రాయం తప్పు రకం కేసులకు చివరికి ఇదే దిక్కు, ఎందుకంటే తాము వేసిన గ్రేడింగ్‌ను తామే తప్పని ఒప్పుకునే ఆఫీసులు అరుదు.

అయితే గెలిస్తే ఏమొస్తుందో ముందే తెలుసుకోండి. ట్రిబ్యునల్ మీ భుజానికి స్టార్ తగిలించి పంపదు. ఫలానా ఎంట్రీ తీసేసి మళ్ళీ పరిశీలించండి అంటుంది, రివ్యూ డీపీసీ కూర్చుంటుంది. మనకున్న హక్కు ప్రమోషన్ మీద కాదు, సక్రమంగా పరిశీలించమనడం మీద. ఈలోపు మీ సర్వీసు గడియారం ఆగదు. హవల్దార్‌కి 24 ఏళ్ళు, స్క్రీనింగ్ అయితే ఇంకో రెండు. కేసు నడుస్తుండగా డిశ్చార్జ్ అయిపోతే తర్వాత వచ్చేది కాగితం మీది ర్యాంక్, దానికి తగ్గ పెన్షన్ లెక్క. యూనిఫాం మీద వేసుకునే భాగ్యం ఉండదు.

డబ్బు సంగతి కూడా ఒకసారి లెక్కేసుకోండి. ఎంఏసీపీ (ప్రమోషన్ రాకపోయినా పై జీతం స్కేలు ఇచ్చే పద్ధతి) 8, 16, 24 ఏళ్ళకు ఇస్తున్నారు కదా. రెండు ప్రమోషన్లు మాత్రమే తీసుకున్న హవల్దార్‌కి 24 ఏళ్ళకు ఎలాగూ నాయబ్ సుబేదార్ స్కేలు వస్తుంది. కాబట్టి చివర్లో ఉన్నవాడు జీతం కోసమే కేసు వేస్తే వకీలుకు పెట్టింది కూడా రాకపోవచ్చు. పోయేది జేసీఓ హోదా, అదనపు సర్వీసు, ఆపైన సుబేదార్ అయ్యే అవకాశం. 18, 19 ఏళ్ళ సర్వీసులో ఆగినవాడికి అది చాలా పెద్ద నష్టం, వాడు కొట్లాడాల్సిందే. 25వ ఏట ఉన్నవాడికి మాత్రం ఇంట్లో కూర్చుని ఆలోచించుకోమంటాను.

హైకోర్టు? మొదటి మెట్టుగా కాదు, ట్రిబ్యునల్‌కి పొమ్మంటారు. ట్రిబ్యునల్‌లో ఓడాక పోవచ్చా అన్నది కొన్నేళ్ళు గందరగోళంగా ఉండేది, 2015 తీర్పుతో తలుపు దాదాపు మూసుకుంది, 2023లో పరశోతమ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు మళ్ళీ తెరిచింది. చాలా సుఖం, ఎందుకంటే ట్రిబ్యునల్ నుంచి నేరుగా సుప్రీంకోర్టుకు పోవాలంటే ప్రజలందరికీ సంబంధించిన న్యాయ ప్రశ్న ఉండాలి, మన కేడర్ రిజల్టులో అలాంటిది ఎక్కడ దొరుకుతుంది?

ఆర్టీఐ విడి దారి కాదు, పనిముట్టు. పది రూపాయలు, 30 రోజులు. పార్ట్ టూ ఆర్డర్ కాపీ, పాలసీ లెటర్, డీపీసీలో మీకు సంబంధించిన భాగం అడగండి. ఏసీఆర్ అడిగితే కాదనే అవకాశం ఎక్కువ, అయినా అడిగి ఆ కాదన్న కాగితం దాచుకోండి. పోర్టల్‌లో గ్రీవెన్స్, మంత్రికి పోస్ట్‌కార్డు, ఎంపీ గారి సిఫార్సు, వీటి జోలికి పోకండి.

కాబట్టి నేను చెప్పే వరస ఇది. లెక్క తప్పయితే లెటర్ పెట్టండి, కానీ దానికి నెలన్నర కంటే ఎక్కువ ఇవ్వకండి, పని కాకపోతే సెక్షన్ 26. అభిప్రాయం తప్పయితే మొదటి రోజు నుంచే సెక్షన్ 26. ట్రిబ్యునల్ ఆ తర్వాత. కంప్లెయింట్ ఇచ్చిన రోజే ఫోన్ క్యాలెండర్‌లో రెండు తేదీలు పెట్టుకోండి, ఆరు నెలలది ఒకటి, ఏడాదిది ఒకటి.

మొన్న గిద్దలూరు వైపు తమ్ముడొకడు ఇలాగే ఫోన్ చేశాడు, పందొమ్మిదేళ్ళ సర్వీసు, ఎప్పుడో పోయిన మెడికల్ కేటగిరీ వల్ల ఆగాడు. రెండు రోజులు కూర్చుని కంప్లెయింట్ చక్కగా రాశాడు, ఎవరి మీదా ఒక్క పొల్లు మాట లేదు. ఇచ్చేశానన్నా అని వాట్సాప్‌లో కాపీ పంపాడు. చూశాను, సంతకం ఉంది, తేదీ ఉంది, యూనిట్ డైరీ నంబర్ (అందినట్టు యూనిట్ వేసే నంబరు) లేదు. "క్లర్క్ బాబూసాబ్ తర్వాత వేస్తానన్నాడన్నా" అన్నాడు. ఇప్పుడే వెళ్ళి వేయించుకుని మళ్ళీ ఫోటో పంపమన్నాను.