కొత్తవని అంటగట్టిన హార్డ్ డిస్కులు, మూడేళ్లు తిరిగి అరిగినవి: న్యాస్ పెట్టుకునేవాళ్లు జాగ్రత్త

ఇంట్లో సినిమాలు, ఫొటోలు, పాత వీడియోలు ఒకచోట పెట్టుకోవడానికి న్యాస్ బాక్సు (డిస్కులు పెట్టి ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించే పెట్టె) కొందామని చూస్తున్నవాళ్లు, ముఖ్యంగా హైదరాబాద్ నుంచి డిస్కులు తెచ్చుకునే మన నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు వాళ్లు, ఇది పూర్తిగా చదవండి. నా గొడవ బాక్సుతో కాదు, అందులో పెట్టిన డిస్కులతో.

మా ఇంట్లో ఐదేళ్లుగా పాత డెస్క్‌టాప్ మీద జెల్లీఫిన్ (మన దగ్గరున్న వీడియోలను టీవీలో, ఫోన్లో చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్) నడిచేది. 4 టీబీ డిస్కులో 3 టీబీ దాకా నిండింది. సినిమాలు పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు. అక్క పెళ్లి వీడియోలు, పిల్లల చిన్నప్పటి క్లిప్పులు, 2013 సద్దుల బతుకమ్మ నాడు చండూరు దగ్గర మా ఊళ్లో నాయనమ్మ పాడుతుంటే ఫోన్లో రికార్డు చేసిన పాటలు కూడా అదే డిస్కులో ఉన్నాయి. ఆ ఒక్క డిస్కు పోతే ఎట్లా అన్న భయంతోనే మొన్న మార్చిలో రెండు డిస్కులు పట్టే న్యాస్ తీసుకున్నాను. రెంటిలోనూ ఒకటే డేటా ఉండేలా మిర్రర్ పెడితే, ఒకటి పోయినా రెండోది కాపాడుతుందని నమ్మకం.

బాక్సు సీలుతో సరిగ్గానే వచ్చింది. డిస్కులు మాత్రం హైదరాబాద్‌లో వేరే దుకాణంలో తీసుకున్నాను, ఒక్కోదానికి రెండు వేలు తక్కువన్నాడని. "కొత్త మాలేనా అన్నా?" అని రెండుసార్లు అడిగాను. "సీల్ ప్యాక్ తమ్మీ, టెన్షన్ పడకు. బిల్లంటే 18 శాతం జీఎస్టీ పడతది, ఎస్టిమేట్ మీద తీస్కపో" అన్నాడు. తెల్లకాగితం మీద 'హార్డ్ డిస్క్ 4 టీబీ, 2' అని రాసిచ్చాడు. సీరియల్ నంబరు లేదు, దుకాణం ముద్ర లేదు. నేను చేసిన మొదటి తప్పు అదే.

ఇంటికొచ్చి కవరు చింపినప్పుడే అనుమానం రావాల్సింది. కనెక్టర్ మీద బంగారు రంగు పిన్నులకు సన్నటి గీతలున్నాయి. ఫ్యాక్టరీలో పరీక్షించినప్పుడు పడ్డాయేమో అనుకున్నాను. కానీ పక్కన స్క్రూ రంధ్రాల అంచు కూడా ఒరుసుకుపోయి మెరుస్తోంది. స్క్రూ బిగించి తీసిన డిస్కుకే ఆ గుర్తు పడుతుంది. న్యాస్‌లో పెట్టి స్మార్ట్ వివరాలు, అంటే డిస్కు తన వాడకం గురించి తానే రాసుకునే లెక్క, చూస్తే తిరిగిన గంటలు 14 అని చూపించింది. ఆ అంకె చూసి మనసు కుదుటపడింది.

డేటా ఎక్కించేటప్పుడు వేగం సెకనుకు 11 ఎంబీ దగ్గరే ఆగిపోయింది. ఆ లెక్కన 3 టీబీకి మూడు రోజులు దాటుతుంది. చూస్తే లాన్ కేబుల్లో ఒక జత వైరు తెగి, లింకు గిగాబిట్ నుంచి 100 మెగాబిట్‌కి పడిపోయింది. కేబుల్ మార్చాక 110 ఎంబీ వచ్చింది, ఎనిమిది గంటల్లోపే అయిపోయింది. జెల్లీఫిన్‌లో ఫోల్డర్ల దారి మార్చి మళ్లీ స్కాన్ పెట్టాను. అంతా బాగుందనుకుని, పాత డిస్కు ఫార్మాట్ చేసి మా బావకు సీసీటీవీ కోసం ఇచ్చేశాను.

ఐదు వారాలైంది. ఏప్రిల్ ఆఖర్లో ఒక రాత్రి బాక్సు బీప్ బీప్ అని మొదలుపెట్టింది. మొదటి డిస్కు లోపల టిక్, టిక్ అని కొట్టుకుంటోంది, గుర్తింపే లేదు. పొద్దున్నే పరుగెత్తి వేరే డిస్కు తెచ్చి రీబిల్డ్ పెట్టాను. రీబిల్డ్ అంటే మిగిలిన డిస్కులోని డేటాను కొత్తదానికి ఎక్కించడం, అందుకు రెండో డిస్కును ఈ కొస నుంచి ఆ కొసకు చదవాల్సిందే. నలభై శాతం దగ్గర అదీ ఎర్రర్లు ఇవ్వడం మొదలుపెట్టింది, డేటా ఉన్న వాల్యూమ్ మొత్తం తెరుచుకోకుండా పోయింది.

అప్పుడు రెండో డిస్కును కంప్యూటర్‌కి నేరుగా సాటా కేబుల్‌తో తగిలించి చూశాను. సీగేట్ డిస్కుల్లో మామూలు స్మార్ట్ లెక్క కాకుండా, డిస్కు వాడకాన్ని విడిగా రాసిపెట్టే ఫార్మ్ అని ఇంకో లాగ్ ఉంటుంది. స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ 7.4, ఆపై వెర్షన్లు దాన్ని చదువుతాయి. స్మార్ట్‌లో నెలన్నర వాడకం కూడా లేదు, ఫార్మ్‌లో 26 వేల గంటలు దాటింది. రోజుకు 24 గంటల లెక్కన మూడేళ్లు ఆగకుండా తిరిగిన డిస్కు అది. పైకి కనిపించే స్మార్ట్ లెక్క సున్నా చేసి అమ్మారు. 2025 మొదట్లో జర్మనీలో ఇలాంటి మోసమే పెద్ద ఎత్తున బయటపడింది. అక్కడ కూడా లెక్క చెరిపిన వాడిన డిస్కులను కొత్తవని అమ్మారు, ఫార్మ్ లాగే పట్టించింది. తయారుచేసిన కంపెనీ తప్పు కాదిది, మధ్యలో చేతులు మారినవాళ్ల పని.

దుకాణాయనకు ఫోన్ చేస్తే "మీ నల్లగొండ ఎండకు, కరెంటుకు పోయింటది" అన్నాడు. నా దగ్గర యూపీఎస్ ఉంది, లాగ్‌లో డిస్కు వేడి 48 డిగ్రీలు దాటలేదు. ఆ స్క్రీన్‌షాట్ పంపాక ఫోన్ ఎత్తడం మానేశాడు. కంపెనీ వెబ్‌సైట్లో సీరియల్ నంబరు కొడితే, విడిగా అమ్మే డిస్కు కాదు, వారంటీ లేదు అని వచ్చింది. కొన్న రోజే, దుకాణం ముందు నిలబడే ఈ పని చేసి ఉండొచ్చు, ఫోన్లో రెండు నిమిషాల పని.

కాబట్టి డిస్కు కొంటే బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, రాయనంటే వదిలేసి వచ్చేయండి. కవరు విప్పుతూ వీడియో తీసుకోండి. డేటా ఎక్కించే ముందే, సీగేట్ డిస్కైతే ఫార్మ్ లాగ్ చూసి, డిస్కు మొత్తం చదివే లాంగ్ టెస్ట్ పెట్టండి. 4 టీబీకి రాత్రంతా పడుతుంది, పట్టనివ్వండి. రెండు డిస్కులూ ఒకే దుకాణంలో, ఒకే రోజు తీసుకోకండి. అన్నిటికన్నా ముఖ్యం, పాత డిస్కును కనీసం మూడు నెలలు ముట్టుకోకండి. మిర్రర్ ఉంది కదా అని నేను ఉన్న ఒక్క బ్యాకప్‌ను చెరిపేశాను. మిర్రర్ బ్యాకప్ కాదు.

ఇప్పటికే మోసపోయినవాళ్లు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక దుకాణం హైదరాబాద్‌లో ఉన్నా కేసు మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. నా దగ్గర బిల్లు లేదు గానీ యూపీఐ చెల్లింపు, వాట్సాప్ మాటలు, ఫార్మ్ లాగ్ ఉన్నాయి. వాటితోనే ఫిర్యాదు రాస్తున్నాను.

బావ దగ్గర్నుంచి పాత డిస్కు వెనక్కి తెచ్చాను. ఐదు వారాలుగా దాని మీద కెమెరాలు రాత్రీ పగలూ రాస్తూనే ఉన్నాయి, పాతదేమీ మిగల్లేదు. చచ్చిన రెండో డిస్కు నుంచి చదవగలిగినంత చదివితే నాయనమ్మ పాటలు ముప్పై ఒకటిలో తొమ్మిది వచ్చాయి. ఒకదాంట్లో చప్పట్ల మధ్య ఆమె గొంతు ఎత్తుకోగానే నాలుగో సెకనుకు ఆగిపోతుంది. ఆమె 2018లో పోయింది.

పెళ్లి వీడియోల కాపీ ఒకటి అక్క దగ్గర ఉంది. ఈసారి బిల్లుతో తెచ్చిన కొత్త డిస్కు ఇప్పుడు లాంగ్ టెస్ట్‌లో ఉంది, అరవై శాతం అయింది. అది పూర్తయ్యేదాకా అక్కను ఆ కాపీ అడగను.