గద్వాలలో నల్లముసుగు విలన్‌ను చూశాం, లాడ్జిలో మోసపోయాం

గద్వాలలో రాత్రి ఉండేవాళ్లకు ముందే చెబుతున్నాను. ఫోన్లో చెప్పిన రేటు నమ్మి లాడ్జికి పోవద్దు. రూము ఏసీనా కాదా, ఎంతమందికి, చెకౌట్ ఎన్నింటికి అన్నీ వాట్సాప్‌లో రాయించుకున్నాకే అడ్వాన్సు కట్టండి. మేము అక్కడికి పోయింది పాత కామిక్స్ చూడటానికి. వాటి గురించి మొదలుపెడితే ఈ సంగతి పక్కకు పోతుంది, అందుకే దీన్ని ముందు పెట్టాను.

మేము పోయింది ఒక పెద్దాయన ఇంటికి. మా ఆఫీసులో ఒకతనికి మేనమామ. సరుకు ఓడల ఇంజిన్ రూముల్లో పనిచేసి, రిటైరై గద్వాలలో స్థిరపడ్డారు. ఓడ ఆగిన ప్రతి రేవులోనూ పాత పుస్తకాల దుకాణాలు వెతికి మిక్కీమౌస్ కామిక్స్ కొనేవారట. అన్నీ కాదు, ఫాంటమ్ బ్లాట్ అనే విలన్ ఉన్నవి మాత్రమే. నేను ఆ విలన్‌ను మొదట చూసింది దూరదర్శన్‌లో ఆదివారం వచ్చిన డక్ టేల్స్‌లో. తొమ్మిదో తరగతి చదివే మావాడికి కామిక్స్ అంటే ప్రాణం. మా ఆవిడకు గద్వాల చీర, అలంపురం దర్శనం అని చెప్పి ఒప్పించాం.

హైదరాబాద్ ఎంజీబీఎస్ నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సు. మా ఆవిడకు జీరో టికెట్టు, నాకూ వాడికీ కలిపి 560. జడ్చర్ల దాటేదాకా సీట్లు దొరకలేదు, ఆ తర్వాత హాయిగా పోయాం.

ఇక లాడ్జి. ఫోన్లో అడిగితే ముగ్గురికి ఏసీ రూము 1,400 అన్నాడు. 500 ఫోన్‌పేలో కొట్టాను. తీరా బ్యాగులతో కౌంటర్ దగ్గర నిలబడ్డాక, "అది నాన్ ఏసీ రేటు సార్, ఏసీ అయితే 1,900, మూడో మనిషికి 300" అన్నాడు. "తమ్ముడూ, ఫోన్లో మాట్లాడింది నువ్వే కదా" అంటే తల ఎత్తలేదు. పైగా నా 500 అందలేదన్నాడు. మెసేజ్ చూపిస్తే, ఓనర్ అకౌంట్లో పడి ఉంటుంది, ఆయన ఊళ్లో లేడు అన్నాడు. రాత్రి తొమ్మిదయింది, పిల్లవాడు నిద్రకు తూగుతున్నాడు. 2,200 మొత్తం కట్టి పైకి పోయాం. ఆ 500 ఈరోజుకీ రాలేదు.

రాత్రి రెండింటికి ఏసీ ఆగిపోయింది. కిందికి దిగితే షట్టర్ సగం వేసి ఉంది, రిసెప్షన్‌లో మనిషి లేడు, ఫోన్ స్విచాఫ్. కిటికీ తెరిస్తే దోమలు. తెల్లవారి వేడినీళ్లు బకెట్‌కు 30 చొప్పున మూడు బకెట్లకు 90 తీసుకున్నారు. ఇరవై నాలుగు గంటల చెకౌట్ అని చెప్పినవాళ్లు పొద్దున తొమ్మిదికే తలుపు కొట్టి, ఇంకాసేపు ఉంటే 600 అన్నారు. వాదించి 300 దగ్గర తెగ్గొట్టుకున్నాం. బిల్లు అడిగితే ప్రింటర్ పాడయిందన్నారు. డబ్బు పోయినందుకు కాదు నా బాధ. పెళ్లాంబిడ్డలతో రాత్రిపూట దిగిన మనిషి ఇంకెక్కడికీ పోలేడని తెలిసే ఆడిన ఆట అది. మా ఆవిడ పదిన్నర దాకా నాతో మాట్లాడలేదు. మాట్లాడినప్పుడు, "పుస్తకాలు చూసుకొని పదండి, నేను ఇక్కడ ఇంకో రాత్రి ఉండను" అంది.

పెద్దాయన ఇల్లు కోట వైపు. రెండు ఇనప బీరువాలు, వాటి నిండా ప్లాస్టిక్ కవర్లలో పెట్టిన పుస్తకాలు. ప్రతి కవర్లో ఒక చీటీ ఉంది. బాల్‌పెన్నుతో రేవు పేరు, సంవత్సరం, ధర: జెనోవా, 1981, 200 లీరాలు. "చేతులు కడుక్కొని తుడుచుకొని రా బిడ్డా, పేజీ పై మూల పట్టి తిప్పు" అని మావాడికి చెప్పి, నాలుగు పుస్తకాలు చాప మీద వరసగా పరిచారు.

మొదటిది అసలు కథ, పునర్ముద్రణ. 1939లో మే నుంచి సెప్టెంబర్ దాకా అమెరికా దినపత్రికల్లో రోజుకో వరుస బొమ్మలుగా వచ్చింది. బొమ్మలు ఫ్లాయిడ్ గాట్‌ఫ్రెడ్‌సన్‌వి, సంభాషణలు మెరిల్ డి మారిస్‌వి. తలనుంచి పాదాల దాకా నల్లటి ముసుగు, రెండు కళ్లు తప్ప ఇంకేమీ కనిపించదు. ఊళ్లో ఒకే రకం కెమెరాలు దొంగిలించి పగలగొడుతుంటాడు. వాటిలో ఒకదాంట్లో రహస్య ఫార్ములా దాచి ఉందని చివర్లో తెలుస్తుంది. మిక్కీని చంపడానికి చిక్కుచిక్కుల ఉచ్చులు పన్ని, ఆ చావు కళ్లతో చూడలేక వెళ్లిపోతాడు. పిల్లల కామిక్‌లో ఇంత భయం పుట్టించే మనిషిని నేను చూడలేదు. చివర్లో ముసుగు తీస్తే సన్నటి మీసం, పొడుగు ముఖం. అది వాల్ట్ డిస్నీ పోలికే అని చాలామంది అంటారు. మావాడు ఫోన్లో డిస్నీ ఫొటో పెట్టుకొని చాలాసేపు రెండూ మార్చి మార్చి చూశాడు.

రెండోది ఇటలీది. అక్కడ మిక్కీ పత్రిక పేరు తోపోలీనో, 1949 నుంచి చేతిలో ఇమిడే లావుపాటి చిన్న పుస్తకంగా వస్తోంది. మన విలన్ అక్కడ మాకియా నేరా. అమెరికాలో ఆయన్ను కొత్త కథల్లోకి మళ్లీ తెచ్చింది 1964లో. ఇటలీలో రచయిత గ్విదో మార్తీనా, చిత్రకారుడు రోమానో స్కార్పా 1955లోనే తెచ్చేశారు. ఇటలీ కథల్లో ముసుగు లేకుండా తిరిగే పేజీలు ఎన్నో. మీసం, చెవులు, కోపంతో బిగిసిన దవడ అన్నీ బయటే. ముసుగు తీశాక కూడా భయపెట్టగలగడం చిన్న పని కాదు. బొమ్మ గీసేవాడికి ఆ మనిషి లోపల ఏముందో తెలిసి ఉండాలి. పెద్దాయనకు ఇష్టమైనది ఇదే, నాకూ ఇదే.

మూడోది అమెరికాదే, 1960లలో గోల్డ్ కీ అనే సంస్థ వేసింది. ఈ విలన్ పేరుతోనే విడి పత్రిక పెట్టి, 1964 నుంచి 1966 దాకా ఏడు సంచికలు తెచ్చారు. రెండో సంచికలో మిక్కీ స్నేహితుడు గూఫీ, సూపర్ గూఫ్ అనే సూపర్ హీరోగా వచ్చాడు. ఇక మన విలన్‌కు మిగిలింది నవ్వించే పనే. అదే నల్లముసుగు, కానీ భయం పోయింది. పుట్టిన ఊళ్లోనే ఆయన్ను అంత పలచన చేశారని నాకు నిజంగా కోపం వచ్చింది. మావాడు మాత్రం ఒప్పుకోలేదు, వాడికి సూపర్ గూఫే నచ్చాడు. పెద్దాయన వాడి పక్షమే తీసుకొని, "చిన్నపిల్లల పుస్తకం చిన్నపిల్లలకు నచ్చాలె గదా సార్" అన్నారు.

నాలుగోది హాంబర్గ్‌లో కొన్న జర్మన్ సంచిక. అక్కడ దాస్ ష్వార్ట్సె ఫాంటోమ్. బ్రెజిల్ సంచికల్లో మాంచా నేగ్రా అట, అవి బీరువా అడుగున ఉండి అప్పటికి తీయలేదు. ఒక్క మనిషికి ఇన్ని స్వభావాలు ఎట్లా వచ్చాయంటే, ఈ దేశాలు అమెరికా కథలు తెచ్చి అచ్చేసుకొని ఊరుకోలేదు. లైసెన్సు తీసుకొని తమ రచయితలతో, తమ చిత్రకారులతో కొత్త కథలు రాయించుకున్నాయి. ఇటలీలో ఒక బృందం, డెన్మార్క్‌లో ఎగ్మాంట్ సంస్థ, బ్రెజిల్‌లో అబ్రిల్ సంస్థ ఎవరి దారి వారిది. కోపెన్‌హాగన్‌లో తయారైన ఒక్క కథే ఎన్నో భాషల్లో అచ్చవుతుంది. పెద్దాయన రేవు రేవులోనూ కొన్నందువల్లే ఆ తేడాలు ఒక్క చాప మీద కనిపించాయి.

ఈలోగా వంటింట్లో మా ఆవిడ, ఆ ఇంటి అమ్మ స్నేహితులైపోయారు. మధ్యాహ్నం పిలిచి కూర్చోబెట్టారు. పెనం మీది నుంచి నేరుగా కంచంలోకి వచ్చే జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు, పల్లీల కారం, పచ్చిపులుసు. రొట్టె మధ్యలో పొంగి, అంచు కొద్దిగా మాడి ఉంది. విరిస్తే లోపలి నుంచి ఆవిరి. పల్లీల కారంలో వెల్లుల్లి ఎక్కువ, అదే బాగుంది. మా ఆవిడ మూడు రొట్టెలు తిని, రాత్రి లాడ్జి సంగతి తనే నవ్వుతూ చెప్పింది. "ముందే ఫోన్ చేస్తే ఇక్కడే పడుకుందురు గద బిడ్డా" అంది ఆ అమ్మ.

చీర 7,200 పెట్టి నేతగాళ్ల ఇంట్లోనే కొన్నాం. నూలు ఒళ్లు, పట్టు అంచు. షాపులో ఇలాంటిదానికే 8,900 చెప్పారు, కాబట్టి ముందు షాపులు చూసి, తర్వాత నేతగాళ్ల దగ్గరికి పోండి. కోటలో చెన్నకేశవ గుడి చూడటానికి అరగంట చాలు. అలంపురం మర్నాడు పోయాం, కర్నూలులో 1,300 రూముకు సరిగ్గా 1,300 తీసుకొని బిల్లు కూడా ఇచ్చారు. అలంపురం వెళ్లేవాళ్లు కర్నూలులోనే దిగడం మేలు. నవబ్రహ్మ ఆలయాలకు పొద్దున్నే పోండి, పదయితే రాళ్ల మీద కాళ్లు నిలవవు.

అన్నీ కలిపి, చీర కాకుండా, మాకు 8,640 అయింది. అందులో ఆ లాడ్జి తిన్నదే 3,090. మావాడు దసరా సెలవులకు మళ్లీ పోదామంటున్నాడు, బ్రెజిల్ కట్ట అప్పటికి కిందికి దింపి పెడతానని పెద్దాయన మాటిచ్చారు. ఈసారి పొద్దున బస్సుకు పోయి, రాత్రికి కర్నూలు చేరుకుంటాం.