అరండల్‌పేటలో వేయించిన ఆల్బమ్: బైండింగ్‌కి నూటికి నూరు, తెలుగు మ్యాటర్‌కి ముప్ఫై

గుంటూరు అరండల్‌పేటలో ఓ ఫోటో ల్యాబ్‌కి కరిజ్మా ఆల్బమ్ (ఫోటోలు నేరుగా పేజీల మీదే అచ్చేసే రకం) ఆర్డరిచ్చాను. పన్నెండు బై పద్దెనిమిది అంగుళాల సైజు, మ్యాట్, 30 షీట్లు, 4,500 రూపాయలు. పేరు రాయను, కుర్రాడు మంచివాడు.

మాది పెళ్లి ఆల్బమ్ కాదు. 2018 డిసెంబర్లో మెల్‌బోర్న్‌లో ఉండే మా అమ్మాయి మమ్మల్ని క్రోజింగోలాంగ్ నేషనల్ పార్కుకి తీసుకెళ్లింది. మెల్‌బోర్న్‌కి తూర్పుగా దాదాపు 450 కిలోమీటర్లు, సముద్రం వెంట అడవి. మరుసటి ఏడాది చివర మంటలొచ్చి అందులో చాలా భాగం కాలిపోయింది. అప్పట్నుంచీ హార్డ్ డిస్కులో ఉన్న ఫోటోలు అచ్చు వేయించాలని మనసు పీకుతూనే ఉంది.

బైండింగ్ బ్రహ్మాండం. పేజీ బల్లపరుపుగా తెరుచుకుంటుంది, మడత దగ్గర ఒక్క మొహం తెగలేదు. ఆ పార్కులోని 1890 నాటి లైట్‌హౌస్ రెండు పేజీల మీద నిలబడితే చూడాలి!

ఇక నది. ఆ పార్కులో పారే థుర్రా నది నీళ్లు టీ డికాషన్ రంగులో ఉంటాయి. ఆకులూ బెరడూ నాని దిగిన రంగది. ల్యాబ్ కుర్రాడు దాన్ని నీలంగా మార్చేశాడు. "మురికిగా ఉంటే కరెక్షన్ చేశానండీ మేడం" అన్నాడు. ఇసుకలో ఆల్చిప్పల గుట్ట ఫోటో అయితే చెత్తకుప్ప అనుకుని తీసేశాడు. అక్కడి ఆదివాసులైన బిడవాల్, క్రౌవాటుంగలుంగ్ జనం తరతరాలుగా తిని వదిలిన చిప్పలు నాయనా అవి, వాళ్లక్కడ ఉన్నారనడానికి సాక్ష్యం అని చెప్పాక మళ్లీ పెట్టాడు.

అసలు గొడవ మ్యాటర్ దగ్గర. నేను రాసిచ్చింది: "ఓడ లాగ్‌బుక్ తేదీ ప్రకారం 1770 ఏప్రిల్ 19 పొద్దున బ్రిటిష్ నావికుడు జేమ్స్ కుక్ ఓడ ఎండీవర్ మీద నుంచి లెఫ్టినెంట్ హిక్స్‌కి కనిపించిన నేల. కుక్ దానికి పాయింట్ హిక్స్ అని పేరు పెట్టాడు. అక్కడి జనం పిలిచే పేరు టోలీవియరార్." అచ్చయింది: "కెప్టెన్ కుక్ కనిపెట్టిన ఆస్ట్రేలియా." ముప్ఫై ఏళ్లు సోషల్ చెప్పినదాన్ని, ఊరుకుంటానా? డచ్చివాళ్లు 1606లోనే ఆ ఖండం తొక్కారు. కుక్ హోదా కూడా అప్పటికి లెఫ్టినెంటే. అయినా మనుషులు కాపురముంటున్న చోటుని ఒకడొచ్చి కనిపెట్టడమేంటి? 1797 డిసెంబర్లో జార్జ్ బాస్ అనే ఇంగ్లిష్ నావికుడు ఆరుగురు తెడ్లవాళ్లతో చిన్న పడవలో ఇదే తీరం పక్కగా వెళ్లాడన్న ముక్క, "మ్యాటర్ ఎక్కువైందండీ" అని ఎగరగొట్టాడు.

నాలుగు షీట్లు ఉచితంగానే మళ్లీ వేసిచ్చాడు గానీ, పదకొండు రోజులు తిప్పాడు.

మీరు వెళ్తే వాట్సాప్‌లో ప్రూఫ్ చూసి ఓకే అనకండి. మధ్యాహ్నం రెండు దాటాక షాపు ఖాళీగా ఉంటుంది, పక్కన కూర్చుని పెద్ద తెర మీద ఒక్కో అక్షరం చదవండి. మా ఆయన మాత్రం ఆ నీలం నది షీటు పారేయనివ్వలేదు, బీరువాలో దాచారు.